తెలియని నిఘాపై ఫిర్యాదు చేసేదెలా?

సభకు నమస్కారం.

నిఘా గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఉంది: తప్పు చేయనివాళ్లకు భయమెందుకు? దాని దగ్గరికి వస్తాను. ముందు ఒక కోర్టు కేసు సంగతి వినండి.

2013 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఒక పిటిషన్‌ను కొట్టేసింది. వేసినవాళ్లు న్యాయవాదులు, పాత్రికేయులు, ఆమ్నెస్టీ వంటి హక్కుల సంస్థలు. విదేశాల్లో ఉన్నవారితో తాము జరిపే సంభాషణలు ప్రభుత్వం చేతికి చిక్కుతున్నాయని, అందుకు వీలిచ్చే చట్టం రాజ్యాంగ విరుద్ధమని వారి వాదన. 5-4 మెజారిటీతో కోర్టు ఏం తేల్చిందంటే, మీపై నిఘా ఉందన్నది ఊహ మాత్రమే, కాబట్టి కేసు వేసే అర్హతే మీకు లేదని. రహస్యంగా జరిగే పనికి రుజువు తెమ్మంటే ఎవరు తేగలరు? నాలుగు నెలలు తిరక్కుండానే, అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాలు పత్రికలకెక్కాయి. అదే చట్టాన్ని ఆధారం చేసుకుని, ప్రిజం అనే కార్యక్రమం కింద పెద్ద ఇంటర్నెట్ కంపెనీల నుంచి ఈమెయిళ్లు, చాట్లు సేకరిస్తున్నారని అందరికీ తెలిసింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ తెలియకపోవడమే. పోలీసులు ఇల్లు సోదా చేస్తే మామూలుగా అనుమతి కాగితం చూపాలి, పట్టుకెళ్లిన వస్తువులకు లెక్క రాయాలి. ఆ కాగితంతో మీరు కోర్టు మెట్లెక్కవచ్చు. ఫోనులో జరిగే సోదాకు కాగితం లేదు, తలుపు చప్పుడూ లేదు.

అహ్మద్ మన్సూర్ ఉదంతం చూడండి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన హక్కుల కార్యకర్త. 2016 ఆగస్టులో ఆయన ఫోనుకు వరుసగా రెండు రోజులు సందేశాలొచ్చాయి. జైళ్లలో ఖైదీలను పెడుతున్న చిత్రహింసల గురించి కొత్త రహస్యాలు ఉన్నాయని, లంకె నొక్కమని వాటి సారాంశం. ఆయన బతుకంతా ఏ విషయం కోసం కొట్లాడారో అదే ఎర! ఆయన నొక్కలేదు. డిజిటల్ నిఘాపై పరిశోధించే, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కు పంపారు. అక్కడివాళ్లు పరీక్షిస్తే, ఐఫోన్‌లో అప్పటివరకు ఆపిల్‌కే తెలియని మూడు లోపాలను వాడుకుని లోపలికి చొరబడే ఏర్పాటు బయటపడింది. అది ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ గ్రూప్ తయారుచేసిన పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్. ప్రభుత్వాలకే అమ్ముతామని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. పెగాసస్ ఒకసారి ఫోనులోకి దిగితే సందేశాలు చదువుతుంది, మైకు, కెమెరా ఆన్ చేస్తుంది. ఆపిల్ ఆ లోపాలను సరిచేసింది. మన్సూర్‌ను మాత్రం 2017లో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష వేశారు. ఆ తర్వాత లంకె నొక్కే పని కూడా తప్పింది. యజమాని వేలు కదపకుండానే ఫోను లొంగిపోయే పద్ధతులు వచ్చేశాయి.

ఇంకోవైపు రష్యా పద్ధతి ఉంది. అక్కడ టెలికాం కంపెనీలు తమ ఖర్చుతో పరికరాలు బిగించి, మీట మాత్రం భద్రతా సంస్థ చేతికివ్వాలి. సంభాషణ వినాలంటే న్యాయమూర్తి అనుమతి ఉండాలని చట్టం చెబుతుంది. కానీ ఆ అనుమతిని కంపెనీకి చూపనక్కర్లేదు. ఎవరిది విన్నారో నమోదు చేయడం కూడా నిషేధం! రోమన్ జఖారోవ్ అనే సంపాదకుడు దీన్ని యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో సవాలు చేశారు. తన ఫోను విన్నారని ఆయన కూడా నిరూపించలేకపోయారు. అయినా 2015 డిసెంబరులో కోర్టు ఆయన ఫిర్యాదు స్వీకరించి, హక్కు ఉల్లంఘన జరిగిందని తేల్చింది. రహస్య నిఘాకు దేశంలో సరైన పరిష్కార మార్గం లేనప్పుడు, అలాంటి చట్టం ఉండటమే ఫిర్యాదుకు చాలునంది. నాకు తెలిసిన తీర్పుల్లో ఇంత ఇంగితం ఉన్నవి తక్కువ. 2022లో రష్యా ఆ కోర్టు పరిధి నుంచే బయటపడిందనుకోండి.

మరి మామూలు మనిషికి నిఘా సంగతి ఎవరు చెబుతున్నారు? కంపెనీలు. 2019లో సుమారు 1,400 మందికి, మీ ఫోనుపై పెగాసస్ గురి పెట్టారని వాట్సాప్ చెప్పింది, ఎన్ఎస్ఓపై దావా కూడా వేసింది. 2024 డిసెంబరులో అమెరికా కోర్టు ఎన్ఎస్ఓదే తప్పని తేల్చింది. 2021 నుంచి ఆపిల్ 150కి పైగా దేశాల్లోని వాడకందార్లకు హెచ్చరికలు పంపింది. పౌరుడికి ప్రభుత్వం చెప్పవలసిన మాటను ఒక వ్యాపార సంస్థ చెబుతోంది, అదీ తనకు వీలైనప్పుడు. దీన్ని హక్కు అనలేం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. జోనాథన్ పెన్నీ అనే న్యాయశాస్త్ర పరిశోధకుడు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్నోడెన్ వెల్లడి తర్వాత వికీపీడియాలో ఉగ్రవాదానికి సంబంధించిన వ్యాసాల చదువరులు గణనీయంగా తగ్గారని అందులో తేలింది. చదవడం నేరం కాదు, అయినా జనం తప్పుకున్నారు. వాళ్లు ఏ తప్పు చేశారు? పైగా మీ దగ్గర దాచుకునేదేమీ లేకపోయినా, మిమ్మల్ని నమ్మి మీ ఫోనులో తన గోడు చెప్పుకున్న మనిషికి ఉండవచ్చు.

ముందే చెబితే నేరస్తులు జాగ్రత్తపడరా అంటారు. ముందే చెప్పమని ఎవరడిగారు? జర్మనీ చట్టంలో నిఘా ముగిశాక, దాని ఉద్దేశానికి భంగం లేదనుకున్నప్పుడు సంబంధిత వ్యక్తికి తెలపాలన్న నియమం ఉంది. మినహాయింపులూ ఉన్నాయి. మనం అడగాల్సింది కనీసం అంత.

ఒక పని మాట చెప్పి ప్రశ్నలకు వదిలేస్తాను. ఆపిల్ నుంచి అలాంటి హెచ్చరిక మీకొస్తే కంగారుపడి ఫోనులో ఉన్నదంతా తుడిచేయకండి, దాడి జాడలు కూడా పోతాయి. నిజమైన హెచ్చరిక లంకె నొక్కమనదు, పాస్‌వర్డ్ అడగదు. మీ ఆపిల్ ఖాతాలోకి నేరుగా వెళితే అక్కడా కనిపిస్తుంది. ఐఫోన్‌లో చొరబాటు దారులను మూసే లాక్‌డౌన్ మోడ్ పెట్టుకుని, యాక్సెస్ నౌ సంస్థ నడిపే డిజిటల్ భద్రతా సహాయ కేంద్రాన్ని వేరే ఫోను నుంచి సంప్రదించండి.