బ్యాడ్జీలు రెండు, ఇంజన్ ఒకటే

అందరికీ నమస్కారం. హ్యుందాయ్ సొనాటాకు ఇంజన్ గొడవలున్నాయని విని, అమెరికాలో దాని బదులు పాత కియా ఆప్టిమా కొందామనుకునే మనవాళ్లకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. 1997లో దివాలా తీసిన కియాను మరుసటేడు హ్యుందాయ్ చేజిక్కించుకుంది. అక్కణ్నుంచి రెంటికీ ఇంజన్లు ఉమ్మడి అయ్యాయి. 2011 మోడళ్ల నాటి తీటా 2 పెట్రోల్ ఇంజన్ సొనాటాలో ఉంది, ఆప్టిమాలో ఉంది, శాంటా ఫే, సొరెంటోల్లోనూ ఉంది.

లోపం ఎక్కడంటే, క్రాంక్‌షాఫ్ట్‌లో, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ఇరుసులో, ఆయిల్ పారడానికి రంధ్రాలు తొలుస్తారు. అప్పుడు రాలిన లోహపు రజను పూర్తిగా కడిగేయలేదు. అది పిస్టన్‌ను ఈ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులకు వెళ్లే ఆయిల్‌కు అడ్డం పడింది. ఆయిల్ అందని బేరింగు అరిగి టకటక మోత మొదలవుతుంది, చివరికి ఇంజన్ పట్టేస్తుంది. కొన్నిట్లో రాడ్ విరిగి ఇంజన్ బ్లాకుకు (ఇంజన్ ఒంటికి) చిల్లు పెట్టింది. ఆ చిల్లులోంచి ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే!

2015 సెప్టెంబరులో హ్యుందాయ్ 4.7 లక్షల సొనాటాలను రీకాల్ చేసింది, అంటే ఉచితంగా బాగుచేయడానికి వెనక్కి పిలిచింది. అదే ఇంజనున్న కియాలకు 2017 దాకా ఆ కబురే లేదు. రజను ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు. ఈ జాప్యం మాత్రం కంపెనీ పెద్దల నిర్ణయం, నా లెక్కలో ఇదే పెద్ద తప్పు. రీకాళ్లు ఆలస్యం చేసినందుకు 2020 నవంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ (NHTSA) రెండు కంపెనీలకూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందం రాయించుకుంది.

ఇలాంటి కారు చూడబోతే, 17 అక్షరాలు, అంకెలతో ఉండే విన్ (ఆ కారు గుర్తింపు) నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, పెండింగు రీకాళ్లు చూడండి. బేరింగు మోతను ముందే పసిగట్టే నాక్ సెన్సర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందో లేదో డీలరును అడగండి. ఈ ఇంజన్లపై యజమానులు వేసిన దావాలో కుదిరిన సెటిల్‌మెంటు కిందికొచ్చే కార్లకు షార్ట్ బ్లాకుపై (ఇంజన్ కింది భాగంపై) జీవితకాల వారంటీ అది ఉంటేనే. ఆయిల్ మార్చిన రసీదులు అడిగి తీసుకోండి, వారంటీ పేచీ వచ్చినప్పుడు అక్కరకొచ్చేవి అవే. అమ్మేవాళ్లను ముందుగా ఇంజన్ వేడి చేయొద్దనండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మెల్లగా యాక్సిలరేటర్ తొక్కుతూ, అడుగు నుంచి మోత పెరుగుతుందేమో వినండి. వీలైతే పాత ఆయిల్ ఫిల్టరు కోయించి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. మిలమిల మెరిసే లోహపు పొట్టు కనిపిస్తే ఆ కారు వద్దు.

మన పెనుకొండలో తయారయ్యే సెల్టోస్ ఇంజన్లు వేరు, వాటికి ఈ లోపంతో సంబంధం లేదు. కానీ దాని 1.5 లీటర్ల పెట్రోల్, డీజిల్ ఇంజన్లు హ్యుందాయ్ క్రెటాతో ఉమ్మడివే. పాత సెల్టోస్ కొనేవాళ్లు క్రెటా ఫిర్యాదులూ, రీకాల్ నోటీసులూ కూడా చదవండి.