వార్డులో ఎవరు ఎవరిని గమనిస్తున్నారు?

అందరికీ నమస్కారం. మానసిక వైద్య వార్డులో పేషెంట్‌ను నర్సు ఎలా గమనించాలో మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను. అయితే మనం గమనిస్తున్నంతసేపూ పేషెంట్ కూడా మనల్ని గమనిస్తూనే ఉంటారు. చెబితే ఏ సిస్టర్ వింటారు, ఎవరు విసుక్కుంటారు, ఎవరికి చెబితే మాట డాక్టర్ దాకా వెళ్తుంది... ఇవన్నీ రెండు రోజుల్లో పసిగట్టేస్తారు. మన దగ్గర ఏం దాచాలో, ఏం చెప్పాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు.

1973లో రోజెన్‌హాన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రచురించిన అధ్యయనం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లు లేని గొంతులు వినిపిస్తున్నాయని చెప్పి ఆసుపత్రుల్లో చేరారు. చేరాక మామూలుగానే ఉంటూ, చూసినవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఏం రాస్తున్నారని ఎవరూ అడగలేదట. నర్సింగ్ నోట్సులో మాత్రం 'రాసే ప్రవర్తన' అని ఎక్కింది. వీళ్లు నిజం పేషెంట్లు కారని అనుమానపడింది తోటి పేషెంట్లే. ఆ అధ్యయనం ఎంతవరకు నమ్మదగినదన్న దానిపై తర్వాత గట్టి ప్రశ్నలే వచ్చాయి, కాబట్టి దాన్ని రుజువుగా చూపించను. కానీ అలాంటి వాక్యాలు మన కేస్ షీట్లలోనూ ఉంటాయి. 'పేషెంట్ సహకరించడం లేదు' అని రాస్తాం. దేనికి సహకరించలేదు? ఏమన్నారు? చదివినవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

1965లో వచ్చిన నోసీ అనే నర్సింగ్ స్కేలు నాకు అందుకే నచ్చుతుంది. గత మూడు రోజుల్లో కంటితో చూసిన ప్రవర్తనకే మార్కులు వేయమంటుంది. పేషెంట్ మనసులో ఏముందో ఊహించమనదు.

ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. లేని గొంతులు వినిపించడం, భ్రమలు లాంటివి తగ్గించే యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టారు, లేదా డోసు పెంచారు. కొన్నాళ్లకు పేషెంట్ కుదురుగా కూర్చోలేకపోతారు. కూర్చుంటే కాళ్లు ఆడిస్తారు, నిలబడితే ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తుంటారు, వరండాలో అటూ ఇటూ తిరుగుతారు. దూరం నుంచి చూసిన నర్సు 'ఆందోళనగా ఉన్నారు' అని రాస్తారు. అది చూసి అదే మందు ఇంకో డోసు ఇస్తే బాధ రెట్టింపవుతుంది. ఎందుకంటే అది అకథీసియా, మందు వల్ల వచ్చిన ఇబ్బంది. దగ్గరికెళ్లి "తిరగాలనిపించి తిరుగుతున్నారా, కూర్చోలేక తిరుగుతున్నారా?" అని అడిగితే చాలామంది చెప్పేస్తారు. కాకపోతే అడిగే మనిషి మీద నమ్మకముండాలి. మాత్ర నాలుక కింద దాచుకునేవాళ్లలో కొందరు దాచేది ఈ బాధ భరించలేకే.

ఇక ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్లపై నిఘా. పదిహేను నిమిషాలకోసారి చూసి టిక్కు పెట్టడం మనందరికీ అలవాటే. బ్రిటన్‌లో మానసిక వైద్య వార్డుల్లో జరిగిన ఆత్మహత్యలను పరిశీలించిన జాతీయ విచారణలో తేలిందేమిటంటే, పర్యవేక్షణలో ఉండగా చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇలా విడతలవారీగా చూస్తున్నవాళ్లే. ఆ డ్యూటీలో ఉన్నది చాలాసార్లు అనుభవం తక్కువవాళ్లో, ఆ పేషెంట్‌తో పరిచయం లేనివాళ్లో. అయినా మన దగ్గర ఈ పని కొత్తగా చేరినవాళ్లకే అంటగడతాం. నాకు ఇది అస్సలు మింగుడుపడదు.

మనిషిని వెన్నంటి ఉండే పర్యవేక్షణ గురించి పేషెంట్లను అడిగితే కొందరు ధైర్యంగా ఉందంటారు, కొందరు జైల్లో ఉన్నట్టుందంటారు. పక్కన కూర్చున్న నర్సు ఎందుకు కూర్చున్నారో చెప్పారా, నాలుగు మాటలు మాట్లాడారా, లేక ఫోన్ చూసుకున్నారా అన్నదాన్నిబట్టి చాలావరకు ఆ తేడా వస్తుంది. రాత్రి రౌండులో టార్చి మొహం మీద వేయకండి, ఛాతీ కదలిక కనిపించేంత వెలుతురు చాలు. నిద్ర చెడగొట్టి 'నిద్ర సరిగా లేదు' అని రాయడం మనకే చెల్లింది!

బ్రిటన్ నర్సింగ్ ప్రొఫెసర్ లెన్ బోవర్స్ బృందం వార్డుల్లో గొడవలు తగ్గించడానికి రూపొందించిన 'సేఫ్‌వార్డ్స్' పద్ధతిని అక్కడి 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. గొడవలు 15 శాతం, కట్టడి చర్యలు (పట్టి ఆపడం, గదిలో విడిగా ఉంచడం లాంటివి) సుమారు 26 శాతం తగ్గాయి. అందులో చేసినవి చాలా చిన్న పనులు. సిబ్బంది తమ ఇష్టాయిష్టాల గురించి పేషెంట్లకు కొంచెం చెప్పడం, షిఫ్ట్ అప్పగించేటప్పుడు ప్రతి పేషెంట్ గురించి ఒక మంచి మాట చెప్పడం లాంటివి.

ఈ షిఫ్ట్ అప్పగింతలో, అంటే హ్యాండోవర్‌లో, నేను ఇంకొకటి కూడా చేర్చమంటాను: ఈ పేషెంట్ ఏ నర్సుతో మనసు విప్పి మాట్లాడుతున్నారు? జవాబు 'ఎవరితోనూ కాదు' అయితే, ఆ రోజు డ్యూటీలు వేసేటప్పుడు ముందు ఆ పేషెంట్ పేరుతోనే మొదలుపెట్టండి.