తిరుపతిలో ఉప్పునీటి తొట్టె: ఆవిరి లెక్క, మేతకు తోడు

[దృశ్యం: మిద్దె మీది గది. కిటికీలో ఎండకు తెల్లబడిన శేషాచలం కొండ. కెమెరా నెమ్మదిగా 300 లీటర్ల తొట్టె వైపు తిరుగుతుంది.]

వ్యాఖ్యానం:
నమస్కారం. ఇంట్లో ఉప్పునీటి తొట్టెను నిలపడం, అందులో పుట్టే చేపపిల్లలకు మేత పెంచడం ఎలాగో ఈ రోజు చూద్దాం. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేటతో పాటు పులికాట్ ప్రాంతం కూడా తిరుపతి జిల్లాలో కలిసింది కాబట్టి, కాగితం మీద మనకూ సముద్రం దగ్గరైంది. అయినా పగడాల తొట్టె పెంచేవారు అక్కడి నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకోవడం మంచిది కాదు. పులికాట్ నీరు ఈశాన్య రుతుపవనాల వానలకు చప్పబడుతుంది, వేసవిలో సముద్రం కన్నా ఉప్పెక్కుతుంది. తొట్టెలోని జీవాలకు కావలసింది ఏడాది పొడవునా మారని నీరు. ఆ నీటిని మనమే కలుపుకోవాలి.

మా బోరు నీటితో కాచిన గిన్నెలకు ఎలాంటి తెల్లని పొర కడుతుందో ఇక్కడ ఉండేవారికి చెప్పనక్కర లేదు. అందుకే ముందు ఆర్వో, ఆ తరువాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ గొట్టం దాటించి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించిన నీటిలోనే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని కలుపుతాను. లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణీయత రావాలి. 25 డిగ్రీల వద్ద సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర నిలవాలి. వంటింటి ఉప్పుతో ఈ పని జరగదు, ఎందుకంటే అందులో పగడాలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు తగిన పాళ్లలో ఉండవు.

[దృశ్యం: తొట్టె అద్దం మీద మార్కర్‌తో గీసిన గీత. నీటి మట్టం దానికి రెండు వేళ్లు కిందికి దిగి ఉంది.]

వ్యాఖ్యానం:
ఈ గీతను చూడండి. తొమ్మిదేళ్లుగా నడుస్తున్న ఈ తొట్టెలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన పరికరం ఇదే. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరవదు. 300 లీటర్లలో 30 లీటర్లు ఆవిరైతే 35గా ఉన్న లవణీయత దాదాపు 39కి చేరుతుంది. ఈ సంగతి తెలిసి కూడా మొదటి వేసవిలో నేను తగ్గిన నీటికి బదులు ఉప్పునీరే పోశాను. రోజూ కొంచెమే కదా అనుకున్నాను. మూడు వారాలకు జోయాంథిడ్లు (పువ్వుల్లా విప్పుకునే మెత్తని జీవులు) విప్పుకోవడం మానేశాయి, నత్తలు అద్దం మీద నుంచి జారి ఇసుకలో పడ్డాయి. అప్పుడు లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరు పెడితే 40 దాటింది. తగ్గిన మేరకు మంచినీరు, అది కూడా ఆర్వో నీరు మాత్రమే పోయాలి. ఉప్పునీరు మార్చడం వేరే పని. పదిహేను రోజులకొకసారి 30 లీటర్లు తీసి, అంతే కొలతలో కొత్త ఉప్పునీరు పోస్తాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు తొట్టెను 27 దగ్గర నిలపడం తేలిక కాదు. నీటి ఉష్ణోగ్రత 30 దాటి కొన్నాళ్లు నిలిచిందంటే పగడాలు తమ ఒంట్లో ఉండి ఆహారాన్నిచ్చే సూక్ష్మ శైవలాలను బయటికి తోసేసి తెల్లబడతాయి. వెచ్చని నీటిలో ఆక్సిజన్ కూడా తక్కువ కరుగుతుంది. నీటి పైకి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది కాని, ఆవిరి కూడా ఆ మేరకు పెరుగుతుంది. అంటే మళ్లీ ఆ గీత దగ్గరికే రావాలి. గదికి ఏసీ గాని, తొట్టెకు నీటిని చల్లబరిచే చిల్లర్ గాని లేకుండా మే నెల గట్టెక్కవచ్చని నేను ఎవరికీ భరోసా ఇవ్వను. కరెంటు సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2021 నవంబర్ వానల రాత్రి తొట్టెను కాపాడింది ఖరీదైన దీపాలు కావు, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు.

పగడాలు కొనేవారికి ఒక్క మాట. మన సముద్రాల రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కనుక, బతికినవైనా ఎండినవైనా వాటిని కొనడం, అమ్మడం నేరం. నా తొట్టెలో ఉన్నవి మెత్తని రకాలే. రాయి కూడా కృత్రిమంగా చేసిన పింగాణీ రాయి.

[దృశ్యం: పక్క గది. ట్యూబులైటు ముందు ఆరు సీసాలు, లేత పచ్చ నుంచి ముదురు పచ్చ వరకు. ప్రతి సీసాలోనూ గాలి బుడగలు.]

వ్యాఖ్యానం:
ఇక అసలు విషయానికి వద్దాం. తొట్టెలో క్లౌన్ చేపల జత గుడ్లు పెడితే వారం పది రోజుల్లో, దీపాలు ఆర్పిన తరువాత అవి పొదుగుతాయి. ఆ పిల్లలకు పొడి మేత పనికిరాదు. కదిలేదీ, నోట్లో పట్టేదీ కావాలి, అదే రొటిఫర్. మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే ఈ జీవి తినేది అంతకన్నా ఎంతో చిన్నదైన పచ్చని ఫైటోను (నీటిలో తేలే సూక్ష్మ శైవలాన్ని). అంటే చేపపిల్లకు రొటిఫర్, రొటిఫర్‌కు ఫైటో, ఫైటోకు వెలుతురూ ఎరువూ కావాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి తెగినా పిల్లలకు ఆ పూట పస్తే.

ఈ సీసాల్లో పెరుగుతున్నది నానోక్లోరోప్సిస్ అనే ఫైటో. శుభ్రమైన ఉప్పునీటిలో కొలత ప్రకారం ఎరువు చుక్కలు వేసి, రోజుకు 16 గంటలు వెలుతురు ఇస్తే వారానికి ముదురు పచ్చగా మారుతుంది. అప్పుడు సగం తీసి వాడుకుని, మిగిలిన సగాన్ని కొత్త నీటిలో తోడు వేయాలి. పెరుగు తోడు పెట్టడం తెలిసిన ఇంట్లో ఈ పద్ధతిని ఇంకెక్కువ వివరించనక్కర లేదు. అయితే పెరుగుకు లేని మడి దీనికి ఉంది. రొటిఫర్ల బకెట్‌లో పెట్టిన చెయ్యి కడగకుండా ఈ సీసాను ముట్టుకోకూడదు, ఎందుకంటే ఆ చేతినుంచి ఒక్క చుక్క పడితే రెండు మూడు రోజుల్లో సీసా మొత్తం రొటిఫర్లు తినేసి నీరు తేటపడుతుంది. అందుకే మా ఇంట్లో పొద్దున్నే ముందు సీసాల పని, తరువాతే బకెట్ల పని.

[దృశ్యం: 20 లీటర్ల బకెట్. చీకటిలో పక్కనుంచి టార్చి వేస్తే వెలుగులో దుమ్ములా కదిలే రొటిఫర్లు.]

వ్యాఖ్యానం:
ఎండలో కిటికీ దగ్గర దుమ్ము ఎలా తేలుతుందో ఇవి అలా కనిపిస్తాయి. కాని దుమ్ము గాలి పోయిన వైపు పోతుంది, ఇవి తమంతట తాము తిరుగుతాయి. మగవాటి అవసరం లేకుండానే ఆడవి పిల్లల్ని పెడతాయి కాబట్టి, మేత సరిపోతే ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపవుతాయి. నీరు లేత పచ్చగా ఉండేలా మేత వేస్తూ, రోజూ నాలుగో వంతు నీటిని 53 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి తీయాలి. తీయకుండా కూడబెట్టుకుందామనుకుంటే అమ్మోనియా పెరిగి కల్చర్ కూలిపోతుంది. ఆ వడగట్టిన నీటిని తొట్టెలో పోయవద్దు. జల్లెడలో నిలిచినవాటిని మాత్రం శుభ్రమైన ఉప్పునీటితో కడిగి వేయాలి.

బకెట్ పాడవబోయే ముందు అది చెప్పకనే చెబుతుంది. పైన జిగట నురుగు తేలుతుంది, వాసన మారుతుంది. భూతద్దం కింద చూస్తే తోక దగ్గర గుడ్డు మోసేవి కనబడవు. ఇవి చూశాక ఎక్కువ మేత వేసి బాగు చేద్దామనుకోవడం నా అనుభవంలో ప్రతిసారీ నష్టమే తెచ్చింది. అప్పటికప్పుడు వడగట్టి, కడిగి, కొత్త బకెట్‌లో మొదలుపెట్టాలి. దానికి మించి, రెండో బకెట్‌ను వేరే గదిలో, వేరే ఎయిర్ పంపు మీద ఎప్పుడూ నడపాలి. పాలకు తోడు లేకపోతే పక్కింట్లో అడగవచ్చు, రొటిఫర్లను ఈ వీధిలో ఎవరిని అడుగుతాం?

రొటిఫర్ తరువాతి మేత ఆర్టీమియా, రొయ్య జాతికి దగ్గరి చిట్టి ఉప్పునీటి జీవి. మన కోస్తా రొయ్యల హేచరీల వారికి ఇది బాగా తెలిసిన మేతే. ఉప్పునీటిలో గుడ్లు వేసి, 28 డిగ్రీల దగ్గర గాలీ వెలుతురూ ఇస్తే ఒక్క రోజులో పొదుగుతాయి. గాలి ఆపి కింద టార్చి పెడితే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పిల్లలు వెలుగు దగ్గర గుమిగూడతాయి. పొదిగిన కొన్ని గంటల్లోనే వాడాలి, ఆలస్యమైతే వాటి ఒంట్లోని పచ్చసొన ఖర్చయిపోయి పోషణ తగ్గుతుంది. చిల్లర పొట్లాల్లో దొరికే గుడ్లు నేను ఒకసారి కొని మోసపోయాను. మూత తీసిన డబ్బా తేమ తగిలితే ఎంత మంచి గుడ్డయినా పొదగదు.

[దృశ్యం: రాత్రి. తొట్టె దీపాలు ఆరాయి. కుండపెంకు మీద వెండి కళ్లతో మెరుస్తున్న గుడ్లు.]

వ్యాఖ్యానం:
గుడ్లలో కళ్లు ఇలా వెండిలా మెరిశాయంటే ఈ రాత్రో రేపో పొదుగుతాయి. పిల్లల తొట్టెలో నీటిని ఇదే తొట్టెనుంచి తీసి నింపి, ఫైటోతో లేత పచ్చ చేసి, మిల్లీలీటరుకు పది రొటిఫర్లు ఉండేలా ఇప్పుడే వేసి ఉంచుతున్నాను. ఆర్టీమియా అవసరం వారం తరువాతే వస్తుంది కాబట్టి, దాని గుడ్లను ఆరో రోజు పొద్దున ఉప్పునీటిలో వేస్తే చాలు.