జోడీ కనబడకపోతే బెల్టు ఎవరు కట్టాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం నుంచి ప్రత్యక్ష ప్రసారం వింటున్నారు. కామిక్స్ గీసేవాళ్ళకీ, చదివే పిల్లలున్న ఇళ్ళకీ సలహాలివ్వడానికి ఈ వారం బొమ్మల కథల మాస్టారు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ గాజువాక నుంచి. చెప్పండి.

శ్రోత (గాజువాక): నమస్తే సార్. డిగ్రీ చదువుతున్నానండి, కామిక్ గీస్తున్నా. కథ మన వైజాగ్‌లోనే. ఇద్దరు హీరోలు సార్, సీనియర్ ఒకడు, జూనియర్ ఒకడు. సీనియర్ ఉన్నట్టుండి మాయమైపోతాడు. అదే టైములో ఒక ముసుగు గ్యాంగు, ఇక్కడ చదువుకోడానికి వచ్చిన ఆఫ్రికా స్టూడెంట్ల మీద పడుతుంది. జూనియర్ ఆ సీనియర్ బెల్టు కట్టుకుని ఒక్కడే ఎదురు నిలబడాలి. నా డౌటు ఏటంటే, సీనియర్‌ని ఎప్పుడు వెనక్కి తేవాలి?

మాస్టారు: క్లైమాక్సులో తెద్దామనుకుంటున్నావు కదూ?

శ్రోత: అవున్సార్. జూనియర్ కింద పడిపోతాడు, విలన్ కత్తెత్తుతాడు, అప్పుడు యారాడ కొండ మీంచి సీనియర్ ఎంట్రీ...

మాస్టారు: విజిల్స్ పడతాయిలే. కానీ అంతవరకూ ఆ గ్యాంగు జూనియర్‌తో ఏమంటూ ఉంటుంది? 'నీవల్ల కాదురా, అసలువాణ్ణి పిలు' అనే కదా. నువ్వు సీనియర్‌ని దింపిన మరుక్షణం వాళ్ళు అన్నది నిజమైపోయింది. వాళ్ళని కొట్టించి మరీ గెలిపించావు.

శ్రోత: అబ్బా... అలా ఆలోచించలేదండి.

మాస్టారు: సరే, జూనియర్ ఎవరు? ఎక్కడివాడు?

శ్రోత: అదేం రాయలేదు సార్. మామూలుగా... సిక్స్ ప్యాక్.

మాస్టారు: సిక్స్ ప్యాక్ అడ్రసు కాదు నాన్నా. కెప్టెన్ అమెరికా పక్కన ఉండే ఫాల్కన్ తెలుసుగా, సామ్ విల్సన్? 1969లో కెప్టెన్ అమెరికా 117వ సంచికలో వచ్చాడు. రాసింది స్టాన్ లీ, గీసింది జీన్ కోలన్. అక్కడి పెద్ద కంపెనీల కామిక్స్‌లో మొదటి ఆఫ్రికన్-అమెరికన్ సూపర్‌హీరో అతనే. మొదట్లో రెక్కలు కూడా లేవు, భుజం మీద ఒక డేగ, అంతే. రెక్కలు 1974లో వచ్చాయి. కానీ న్యూయార్క్‌లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెమ్ అనే పేట మాత్రం అతనికి మొదట్నుంచీ ఉంది. 1971 నుంచి అట్ట మీద సగం పేరు అతనిదే. 2014కి వచ్చేసరికి అసలు కెప్టెన్ అమెరికా, అంటే స్టీవ్ రోజర్స్, ముసలివాడైపోయి, డాలు తెచ్చి ఇతని చేతిలో పెట్టాడు. ఆ తర్వాతి ఏడాది కథలో, అరిజోనా సరిహద్దు దగ్గర వలస వచ్చేవాళ్ళని ఒక జాత్యహంకార ముఠా వేటాడుతుంటే సామ్ వెళ్ళి అడ్డుపడతాడు. స్టీవ్ చేస్తే దేశభక్తి, ఇతను చేస్తే రాజకీయం! జనమే విరుచుకుపడతారు. ఒకరి బదులు నిలబడ్డవాడి కథకి అసలు ప్రాణం అక్కడుంది. ఫైటింగు ఎవరైనా గీస్తారు.

శ్రోత: అయితే మావాడికి కూడా ఒక పేట కావాలంటారు.

మాస్టారు: పెదజాలారిపేట కుర్రాణ్ణి చెయ్యి. సీనియర్‌కి ఆకాశం తెలుసు, వీడికి సముద్రం తెలుసు. అలల పోటు చూసి గ్యాంగు పడవ ఎటు కొట్టుకుపోతుందో చెప్పేస్తాడు. ఆ పని సీనియర్ చేయలేడు. ఇంకోటి, ఆ బెల్టు. సీనియర్ నడుముకి చేసింది కదా, వీడికి వదులు. మొదటి ఫైటులోనే తుంటి మీదకి జారిపోవాలి. దాక్కున్న చోట మేకు ఒకటి దొరుకుతుంది. బెల్టుని పడవ చెక్క మీద పెట్టి, రాయితో మేకు కొట్టి, ఇంకో కన్నం పొడుచుకుంటాడు. మూడు గళ్ళు గియ్యి, డైలాగు వద్దు. మూడో గడిలో కంపెనీ వాడు వేసిన గుండ్రటి కన్నాల పక్కన వీడి చిరుగు కన్నం కనబడాలి.

శ్రోత: సూపర్ సార్. మరి లాస్టులో ముసుగు తీస్తే... గ్యాంగు లీడర్ వేరే దేశం ఏజెంటు అని ట్విస్టు పెట్టాను.

మాస్టారు: (నవ్వు) నువ్వు పుట్టకముందే వాడేశారు! సన్స్ ఆఫ్ ద సర్పెంట్ అని, ఇందాక చెప్పిన అరిజోనా ముఠాయే, 1966లో అవెంజర్స్ కామిక్‌లో మొదటిసారి వచ్చింది. ముసుగు తీస్తే లీడరు పరాయి దేశపు సైనిక జనరల్! చదివినవాళ్ళు 'హమ్మయ్య, మనవాళ్ళు కాదు' అనుకున్నారు. ఆ ట్విస్టుతో వచ్చే చిక్కే అది, ఆ లీడరు వెనకాల నడిచిన వందమందినీ ఎవరూ అడగరు. నీ ముసుగు కింద రోజూ నమస్కారం పెట్టే ఎదురింటాయన ఉండాలి. కరపత్రం కూడా మర్యాదగా రాయించు, 'మన కాలనీ భద్రత కోసం' అని.

శ్రోత: సీనియర్ అస్సలు రాడా మరి?

మాస్టారు: రానియ్యి, గొడవంతా అయ్యాక. వచ్చి బెల్టు అడుగుతాడా అడగడా అన్నది నువ్వే తేల్చుకో.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ అక్కయ్యపాలెం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (అక్కయ్యపాలెం): నమస్కారమండి. మా గుంటడికి తొమ్మిదేళ్ళు. అపార్ట్‌మెంట్ కింద పిల్లలందరూ సూపర్‌హీరోల ఆట ఆడతారు. మెయిన్ హీరోగా వేసే అబ్బాయి వాళ్ళ ఊరెళ్ళాడని, మొన్న వీణ్ణి పెట్టారు. అందులో ఒకడు 'నల్లగా ఉన్నావు, నువ్వు డూప్‌వి' అన్నాడట. అప్పట్నుంచి కిందకి దిగనంటున్నాడు. మా అత్తగారేమో సున్నిపిండి నలుగు పెట్టమంటున్నారు.

మాస్టారు: నలుగు పండక్కి పెట్టండమ్మా, దీనికి మాత్రం వద్దు. పెడితే వాడన్న మాటకి ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టినట్టే. మీ వాడికి నా పేరు చెప్పి ఒక కథ చెప్పండి. 1946లో అమెరికా రేడియోలో సూపర్‌మ్యాన్ సీరియల్ వచ్చేది. అక్కడ నల్లవాళ్ళ మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ అనే ముసుగు గుంపు ఉండేది, ఆ సీరియల్లో దాన్ని పోలిన ముఠా మీద 16 భాగాలు నడిపారు. గొడవ ఎక్కడ మొదలైందో తెలుసా? పిల్లల బేస్‌బాల్ జట్టులో. బంతి విసిరే స్థానం ఒక చైనా కుటుంబం అబ్బాయికి వచ్చింది. ఆ చోటు పోయిన కుర్రాడు ఏడుస్తూ ఇంటికెళ్తే, వాళ్ళ మావయ్యే ఆ ముఠాకి నాయకుడు. చిన్న ఉక్రోషం, పెద్దల చేతిలో పడి మంటైంది.

శ్రోత: అంటే నేను వాళ్ళ అమ్మతో మాట్లాడాలా?

మాస్టారు: మాట్లాడండి, గొడవలాగా కాదు. ఆ పిల్లాడు అన్నమాట అన్నట్టు చెప్పండి, మెత్తబరచొద్దు. 'మీ బాబు రేపు మా ఇంటికి టిఫిన్‌కి రావాలి' అని కూడా చెప్పండి. ముందు మీ వాణ్ణి అడగండి, ఆ రోజు ఆటలో ఏం చేశావని. రంగు సంగతి ఎత్తకుండా, ఆట సంగతి పూర్తిగా చెప్పనివ్వండి.

శ్రోత: చెప్పాడండి... జనరేటర్ గది మీంచి దూకాడట.

మాస్టారు: దానికి మాత్రం రెండు తగిలించండి!

వ్యాఖ్యాత: చివరి కాల్, పెదవాల్తేరు. టైము తక్కువుంది, క్లుప్తంగా అడగండి.

శ్రోత (పెదవాల్తేరు): రిటైరైనవాణ్ణండి. పొద్దున్నించీ వింటున్నా. బొమ్మల పుస్తకాల్లోకి ఈ రాజకీయాలు ఇప్పుడెందుకు తెచ్చారు? పైగా అమెరికా గొడవలు మనకెందుకు?

మాస్టారు: ఇప్పుడు తేలేదండీ. 1941 మార్చి నాటి కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టారు. అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు. గీసిన జాక్ కిర్బీ, జో సైమన్ ఇద్దరూ యూదుల ఇళ్ళ పిల్లలు. ఇక మనకెందుకంటారా, మీకు అద్దె వాటా ఉందా?

శ్రోత: పై వాటా ఖాళీగానే ఉంది. ఆఫ్రికా కుర్రాళ్ళిద్దరు వచ్చి అడిగారు, యూనివర్సిటీలో చదువుతున్నారట. లేదన్నాను.

మాస్టారు: ఖాళీగా ఉంది కదా?

శ్రోత: ఉందనుకోండి... రాత్రిళ్ళు పాటలు పెడతారేమోనని.

మాస్టారు: మన కుర్రాళ్ళు పెట్టరా? పది దాటాక సౌండు ఉండకూడదని అగ్రిమెంట్లో రాయండి. ఇదివరకటి అద్దెవాళ్ళతో రాయించుకున్నదే మళ్ళీ జిరాక్స్ తీయించండి. అడ్వాన్సు కూడా అంతే తీసుకోండి, ఎక్కువ అడగొద్దు.

శ్రోత: ...వాళ్ళ నంబరు ఎక్కడో రాసుకున్నట్టే ఉన్నానండి. చూస్తాను.