మన పేరుతో ఇంకొకరు మెయిల్ పంపితే? మట్‌లో డిజిటల్ సంతకం ఇలా పెట్టుకోండి

అందరికీ నమస్కారమండీ. అంబాజీపేట దగ్గర మా బాబాయి కొబ్బరి వ్యాపారం చేస్తారు, ఆయన మెయిళ్లు రాసిపెట్టేది నేనే. పోయినేడు మా దగ్గర కురిడీలు కొన్న ఒక పార్టీకి "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి" అని మెయిల్ వెళ్లింది. మేం పంపలేదు. పంపినవారి చోట మా అడ్రసే, కింద బాబాయి పేరే, చివర్లో నేనెప్పుడూ రాసే "ఉంటానండి" కూడా! ఆ విడత డబ్బంతా ఎవడి ఖాతాలోకో పోయింది.

ఇక్కడ మా ఉత్తరాన్ని ఎవడూ దొంగచాటుగా చదవలేదు, మా పేరు పెట్టుకుని వాడే రాశాడు. అందుకే నేను చెప్పేదొక్కటే, ముందు సంతకం నేర్చుకోండి, ఎన్‌క్రిప్షన్ (ఇంకెవరూ చదవలేకుండా ఉత్తరానికి తాళం వేయడం) తర్వాత.

నేను వాడేది మట్ అనే మెయిల్ ప్రోగ్రాం. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో నడుస్తుంది, వట్టి అక్షరాలే కాబట్టి మా గోదారి లంకలో సిగ్నల్ ఒక గీత ఉన్నా పనైపోతుంది. సంతకం పని మాత్రం అది జీపీజీ అనే ఉచిత ప్రోగ్రాంతో చేయించుకుంటుంది. ఫిల్ జిమ్మర్‌మాన్ 1991లో మెయిళ్లకి తాళం, సంతకం వేసే పీజీపీ ప్రోగ్రాం తెచ్చాడు, ఆ దారిలోనే వెర్నర్ కోచ్ చేసిన జీపీజీ తొలి పూర్తి వెర్షన్ 1999లో వచ్చింది. దాంతో కీల జత చేసుకోవాలి: సంతకం సరిచూసే పబ్లిక్ కీ అందరికీ ఇచ్చేయొచ్చు, సంతకం పెట్టే ప్రైవేట్ కీ మన దగ్గరే ఉండాలి. చెక్కు మీద సంతకం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కదా, ఇది అలా కాదండీ, మన ప్రైవేట్ కీతో ఆ ఉత్తరంలోని అక్షరాలనుంచే పుడుతుంది. ఖాతా నంబరులో ఒక్క అంకె మారినా అవతల చెల్లదని చూపించేస్తుంది.

స్క్రీన్ చూడండి. మెయిల్ రాశాక, పంపే ముందు పి నొక్కాను, తర్వాత ఎస్. అంతే, సంతకం పెట్టమని చెప్పినట్టు. ప్రతిసారీ గుర్తుండదు కాబట్టి సెట్టింగ్స్ ఫైల్లో ఆటోసైన్ పెట్టేసుకోండి.

నేను పడ్డ తిప్పలు మీరు పడకండి. మొదట్లో సంతకాన్ని ఉత్తరం మధ్యలోనే అతికించి పంపేవాణ్ని. ఇంగ్లీషులో రాస్తే బాగానే ఉండేది, తెలుగులో రాస్తే అవతల "బ్యాడ్ సిగ్నేచర్" అని వచ్చేది, ఎందుకంటే దారిలో ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని కంప్యూటర్ రాసుకునే పద్ధతి) మారినా, వరుస విరిగినా లెక్క తప్పిపోతుంది. సంతకాన్ని ఉత్తరానికి విడిగా జతచేసే పీజీపీ మైమ్ పద్ధతికి మారాక ఆ బాధ పోయింది. దాని ప్రమాణం 1996లో రాసింది మట్‌ని తయారుచేసిన మైకేల్ ఎల్కిన్సే. అవతలివాళ్లకి మట్ అక్కర్లేదు, ఆ పార్టీ గుమస్తాగారు థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రాంలోనే చూసుకుంటున్నారు. మా పబ్లిక్ కీని గుర్తుపట్టే కోడ్, అంటే ఫింగర్‌ప్రింట్, 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున ఫోన్లో చదివి ఇద్దరం సరిచూసుకున్నాం. ఈ పని చేయకపోతే దొంగ కూడా మా పేరుతో ఒక కీ తయారుచేసి పంపేయగలడు! సంతకం లేకుండా ఖాతా మాటెత్తితే ముందు ఫోన్ చేయాలని కూడా ఒప్పుకున్నాం.

యూజ్‌నెట్ అనే బహిరంగ చర్చా గుంపులు చదివే ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్ లాంటి న్యూస్ ప్రోగ్రాముల్లో ఎన్‌క్రిప్షన్ అక్కర్లేదు, అందరూ చదవాలనే కదా రాసేది. అక్కడా ఎవరి పేరైనా పెట్టుకుని రాసేయొచ్చు కాబట్టి సంతకమే ముఖ్యం. మెయిల్‌కి ఎన్‌క్రిప్షన్ కావాలంటే అవతలివాళ్ల పబ్లిక్ కీతో చేయాలి, మన కీ కూడా కలపాలి, లేకపోతే పంపిన ఉత్తరాన్ని తర్వాత మనమే చదవలేం. మామూలుగా సబ్జెక్టు లైను మాత్రం బయటికి కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ రేట్లు రాయకండి.

ఇంకొకటి. ప్రైవేట్ కీ కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, కీ పోతే రద్దు చేయడానికి జీపీజీ ఇచ్చే రివొకేషన్ సర్టిఫికెట్ ప్రింట్ తీసుకోండి. ఆగస్టులో గోదారి పెరిగితే మా ఇంట్లోకి మోకాలి లోతు వస్తుందండీ. అందుకే ఆ రెండూ పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాం, ఏది ఎందుకో బాబాయికి కూడా చెప్పి ఉంచాను.