మంచు కురిసే చోట గ్రీన్‌హౌస్

అందరికీ నమస్కారం. చలి ప్రాంతంలో గ్రీన్‌హౌస్ అనగానే ఎవరైనా ముందు అడిగేది "హీటరు ఎంతది పెట్టాలి?" అని. ఆ లెక్క తర్వాత. హీటరు చాలకపోతే పంట పోతుంది. కప్పు కూలితే పంటతో పాటు కట్టడమూ పోతుంది.

అప్పుడే కురిసిన పొడి మంచు క్యూబిక్ మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. తడిసి అణిగిందంటే 300 దాటుతుంది. అడుగు మందాన అలాంటి మంచు పేరుకుంటే చదరపు మీటరుకు 90 కిలోల పైమాటే. అర్ధవృత్తంలా వంచిన పైపుల నడినెత్తి దాదాపు చదును, మంచు అక్కడే తిష్ఠ వేస్తుంది. కొన తేలిన కమాను మీదైతే జారిపోతుంది. జారింది మాయమైపోదు కదా, పక్కల గుట్టపడి గోడల్ని లోపలికి నెడుతుంది. అందుకే రెండు కట్టడాల మధ్య మంచు ఎత్తిపోసే జాగా వదలాలి.

పెద్ద మంచు రాబోతోందని తెలియగానే నడికప్పు కింద గుంజలు ఆనించండి. కప్పు మీది రెండు పొరల ప్లాస్టిక్ షీటు మధ్య గాలి నింపే బ్లోయరుందా? లోపల హీటరు నడుస్తుంటే ఆ రాత్రికి బ్లోయరు ఆపేయండి. రోజూ వేడిని కాపాడేది ఆ గాలిపొరే, కానీ ఇప్పుడు వేడి షీటుకు తగిలి మంచును కరిగించాలి. చీపురుతో దులిపితే రెండు వైపులా సమంగా దులపండి. ఒక వైపే ఖాళీ చేస్తే చట్రం ఒరుగుతుంది.

ఇక వేడి. ఉత్తర చైనా రైతులు ఉత్తరాన మందపాటి గోడ కట్టి, దక్షిణం వైపు షీటు వేసి, రాత్రి దాని మీద చాపలు పరుస్తారు. పగలు గోడ తాగిన ఎండే రాత్రి వెచ్చదనం. నీటి పీపాలూ అదే పని చేస్తాయంటారు, నిజమే. కానీ 200 లీటర్ల పీపా 10 డిగ్రీలు చల్లబడితే వచ్చేది సుమారు 2.3 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి. ఒకటి రెండు పీపాలతో ఒరిగేదేమీ లేదు.

పగలు 10 గంటల లోపుకు కుదించుకుపోతే ఎంత వెచ్చగా ఉంచినా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. కాబట్టి పాలకూర, లెట్యూస్ లాంటివి ముందే విత్తి, ఆ రోజులకల్లా ముప్పాతిక ఎదిగేలా చూసుకోండి. తర్వాత కోసుకోవడమే. బయట మంచున్నా ఎండ కాస్తే కాసేపు కిటికీలు తెరవండి; షీటు నుంచి కారే తడితో ఆకులకు బూజు పడుతుంది. గ్యాస్ హీటరుకు మాత్రం పొగగొట్టం తప్పనిసరి.