మేకు పక్కన నాణెం: మెటల్ డిటెక్టర్లలో ఏం మారింది?

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం మెటల్ డిటెక్టర్ల గురించే. నాతో ఉన్న అన్న చాలా ఏళ్లుగా వాటిని వాడుతున్నారు, విప్పి బాగుచేస్తున్నారు కూడా. అన్నా, మీరు వస్తున్నారని చెప్పగానే వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే: "కొత్త మెషిన్ ఎంత లోతు వరకు పట్టుకుంటుంది?"

అతిథి: ఎక్కడికి వెళ్లినా నన్ను మొదట అడిగేది అదే తమ్ముడూ. నిజం చెప్తే చాలామంది డీలా పడిపోతారు. శుభ్రమైన నేలలో, నాణెం సైజు వస్తువు విషయంలో, పాతికేళ్ల కిందటి మంచి మెషిన్‌కీ ఇవాల్టి మంచి మెషిన్‌కీ లోతులో తేడా కొంచెమే.

హోస్ట్: ఇంత టెక్నాలజీ పెరిగినా?

అతిథి: టెక్నాలజీ తప్పు కాదు, ప్రకృతి పెట్టిన లెక్క అది. మెషిన్ కింద గుండ్రంగా చుట్టిన రాగి తీగ ఉంటుంది, అదే కాయిల్. కాయిల్‌లో కరెంటు మారుతూ ఉంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది నేలలోకి దిగి లోహాన్ని తాకితే, ఆ లోహంలో సుడులు తిరిగే చిన్న కరెంట్లు పుడతాయి. ఎడ్డీ కరెంట్స్ అంటారు. అవి తిరిగి ఇంకో క్షేత్రాన్ని పుట్టిస్తాయి, ఆ బదులునే కాయిల్ వింటుంది. ఇక్కడే చిక్కు. కిందికి వెళ్లేటప్పుడు క్షేత్రం దూరం ఘనానికి తగ్గట్టు బలహీనపడుతుంది. పైకి వచ్చేటప్పుడు మళ్లీ అంతే. రెండూ కలిస్తే దూరానికి ఆరో ఘాతం.

హోస్ట్: అంటే లోతు రెట్టింపైతే?

అతిథి: చిన్న వస్తువు కాస్త లోతుగా ఉంటే, దాని లోతు రెట్టింపయ్యేసరికి సిగ్నల్ సుమారు 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. పవర్ పెంచితే సరిపోదా అని అడుగుతారు. పవర్ పెంచితే నాణెం ఇచ్చే బదులుతో పాటు నేల ఇచ్చే బదులు కూడా పెరుగుతుంది. గోల గోలగానే ఉంటుంది.

హోస్ట్: మరి కొత్త మెషిన్లలో మెరుగైంది ఏమిటి?

అతిథి: వినడం. ఒకేసారి పది గొంతులు వినిపిస్తుంటే అందులో మనకు కావాల్సిన గొంతును పట్టుకోవడం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. దీనికి ఒక పాత కథ ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి, తూటా ఒంట్లోనే ఉండిపోయింది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని వెతికే తన ఇండక్షన్ బ్యాలెన్స్ పరికరం తీసుకుని వెళ్లాడు. ఎక్కడ పెట్టినా ఏదో శబ్దం. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయని తర్వాత తెలిసింది. పైగా డాక్టరు కుడివైపే వెతకనిచ్చాడు. గార్ఫీల్డ్ చనిపోయాక పోస్టుమార్టంలో చూస్తే తూటా ఎడమవైపు ఉంది.

హోస్ట్: అయ్యో.

అతిథి: ఆ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. బెల్ పాపం మంచి పరికరమే చేశాడు. దానికి లోహం వినిపిస్తుంది. కానీ తూటా గొంతు ఏది, స్ప్రింగుల గొంతు ఏది అని విడదీయలేదు. ఆ విడదీయడం కోసం పడ్డ పాట్లే ఆ తర్వాత చరిత్రంతా.

హోస్ట్: మీరు మొదట వాడినది ఏ రకం?

అతిథి: బీఎఫ్ఓ అనే పాత రకం. అందులో రెండు ఆసిలేటర్లు, అంటే కరెంటును ఒక ఫ్రీక్వెన్సీలో ఊపుతూ ఉండే సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి డబ్బాలో స్థిరంగా, ఇంకొకటి కాయిల్‌తో. లోహం దగ్గరికి వస్తే కాయిల్ ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది, రెండింటి తేడా చెవికి శబ్దంగా వినిపిస్తుంది. అంతే. ఎండ వేడికి డబ్బా కొంచెం వేడెక్కినా శబ్దం జారిపోయేది. నిమిషానికోసారి నాబ్ తిప్పుకోవాలి. తడి గడ్డి కాయిల్‌కు తగిలినా అరిచేది. రోజంతా వాడితే తల దిమ్మెక్కిపోయేది.

హోస్ట్: ఆ తర్వాత వీఎల్ఎఫ్, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే రకం కదా?

అతిథి: అవును, 1970లలో బాగా వ్యాపించింది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. పంపే కాయిల్ వేరు, వినే కాయిల్ వేరు. ఇందులో అసలు విషయం ఫేజ్. మనం పంపిన తరంగానికీ తిరిగొచ్చిన దానికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో మెషిన్ కొలుస్తుంది. ఇనుము ఒకలా బదులిస్తుంది, రాగి ఒకలా, వెండి ఒకలా. నేలలో ఉండే ఇనుప ఖనిజం కూడా తనదైన ఫేజ్‌లో బదులిస్తుంది. దాన్ని గుర్తించి తీసేయడమే గ్రౌండ్ బ్యాలెన్స్. పాతవాటిలో పదిసార్లు తిప్పాల్సిన నాబ్ ఉండేది. కాయిల్‌ను నేల మీదికి దించుతూ ఎత్తుతూ, శబ్దం మారకుండా ఉండే చోటు దొరికేదాకా తిప్పాలి. ఇప్పుడు బటన్ నొక్కి నాలుగుసార్లు దించి ఎత్తితే అదే సర్దుకుంటుంది. నడుస్తూ ఉంటే నేల మారినకొద్దీ తనంతట తానే మార్చుకునేవీ ఉన్నాయి.

హోస్ట్: ఇనుము వద్దు, మిగతాది కావాలి అని చెప్పే నాబ్ కూడా ఉండేది కదా?

అతిథి: డిస్క్రిమినేషన్. దాని గురించి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది నష్టపోయింది అక్కడే. ఆ నాబ్ ఒక గీత లాంటిది. గీతకు కిందున్నవన్నీ వినిపించవు. మేకులు పోవాలని కొంచెం తిప్పుతావు. చాక్లెట్ రేకులు, సిగరెట్ ప్యాకెట్ రేకులు పోవాలని ఇంకొంచెం తిప్పుతావు. ఆ రేకులతో పాటు సన్నటి బంగారు ఉంగరం, చిన్న ముక్కుపుడక కూడా పోతాయి. మెషిన్ దృష్టిలో అవి అదే చోట ఉంటాయి.

హోస్ట్: బంగారమే పోతుందా?

అతిథి: చిన్న బంగారం పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మాస్కింగ్. మేకు వచ్చిందనుకో, మెషిన్ దాన్ని నొక్కేస్తుంది. కానీ ఆ నొక్కేసిన తర్వాత మళ్లీ వినడానికి సిద్ధం కావాలంటే కొంత సమయం కావాలి. ఆ లోపు కాయిల్ నాలుగు వేళ్ల దూరం జరిగిపోతుంది. ఆ నాలుగు వేళ్లలో నాణెం ఉంటే నీకు తెలియనే తెలియదు. పాత ఇళ్లు కూలిన చోట చూడు, నేలంతా తుప్పు మేకులే. అక్కడ పాత మెషిన్ రోజంతా మూగగానే ఉండేది. "ఈ చోట ఏమీ లేదు, అందరూ వెతికేశారు" అనుకుని వెళ్లిపోయేవాళ్లం. నేనూ అలా ఎన్నో చోట్ల వదిలేసి వచ్చాను.

హోస్ట్: ఇప్పుడు?

అతిథి: ఇప్పుడు ఆ తేరుకునే సమయం బాగా తగ్గింది. రికవరీ స్పీడ్ అంటారు. దాన్ని మనమే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫ్రెంచ్ కంపెనీ ఎక్స్‌పీ తెచ్చిన డియస్ అనే మెషిన్‌కు పేరొచ్చింది ముఖ్యంగా దీనివల్లే. మేకు గరగరమని పలుకుతుంది, వెంటనే దాని పక్కన నాణెం చిన్నగా, పదునుగా పలుకుతుంది. రెండూ విడివిడిగా. మొదటిసారి అలా విన్న రోజు నేను వదిలేసిన చోట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటిగా మళ్లీ వెళ్లాను.

హోస్ట్: రికవరీ స్పీడ్ ఎప్పుడూ ఎక్కువ పెట్టుకుంటే సరిపోతుందా మరి?

అతిథి: సరిపోదు. వేగం పెంచితే ఒక్కో వస్తువును వినే సమయం తగ్గుతుంది, లోతు కొంచెం పోతుంది. చెత్త ఎక్కువున్న చోట పెంచు, ఖాళీ నేలలో తగ్గించు.

హోస్ట్: ఇప్పుడు అందరూ మాట్లాడే మల్టీ ఫ్రీక్వెన్సీ సంగతి చెప్పండి.

అతిథి: తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండి నాణేలకు బాగుంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న, సన్న వస్తువులకు, చిన్న బంగారపు నలుసులకు బాగుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మెషిన్ కొంటే ఏదో ఒకటి వదులుకున్నట్టే. ఒకేసారి కొన్ని ఫ్రీక్వెన్సీలు పంపితే అదే వస్తువు గురించి కొన్ని రకాల సాక్ష్యాలు దొరుకుతాయి. ఉప్పునీళ్లతో తడిసిన ఇసుకలో దీని విలువ తెలుస్తుంది. ఆ ఇసుక కరెంటును పోనిస్తుంది కాబట్టి అదే ఒక సన్నటి లోహపు రేకులా బదులిస్తుంది. ఒక్క ఫ్రీక్వెన్సీతో ఇనుప ఖనిజం ఉన్న నల్ల ఇసుక బదులునూ ఉప్పు బదులునూ రెండింటినీ తీసేయడం చాలా కష్టం. వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఉప్పు బదులు వేరుగా మారుతుంది కాబట్టి దాన్ని గుర్తించి తీసేయొచ్చు.

హోస్ట్: ఇది కొత్తదేనా?

అతిథి: ఆలోచన పాతదే. ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్ 1990ల మొదట్లోనే సావరిన్ అనే మోడల్‌లో తెచ్చింది. కానీ అది నిదానం. మెల్లగా ఊపాలి, మేకుల మధ్య ఇబ్బంది పడేది. 2018లో వచ్చిన ఈక్వినాక్స్‌తో మల్టీ ఫ్రీక్వెన్సీ, వేగం రెండూ ఒకే మెషిన్‌లోకి, మామూలు మనిషి కొనగలిగే స్థాయికి వచ్చాయి. నా లెక్కలో ఈ మధ్య వచ్చిన అసలైన మార్పు అదే. లోపలున్న ప్రాసెసర్ బలపడటం వల్ల సాధ్యమైంది. కాయిల్ రాగి తీగ అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

హోస్ట్: పల్స్ ఇండక్షన్ గురించి ఒకరు అడిగారు.

అతిథి: దాని దారి వేరు. ఎడతెగకుండా తరంగం పంపదు. ఒక దెబ్బ కొట్టి, ఆగి, లోహంలోని కరెంట్లు ఎంత నిదానంగా చల్లారుతున్నాయో వింటుంది. ఇనుప ఖనిజం నిండిన ఎర్ర నేలల్లో, వీఎల్ఎఫ్ తల్లడిల్లే చోట ఇది లోతుగా వెళ్తుంది. ఆస్ట్రేలియా గోల్డ్‌ఫీల్డ్స్‌లో బంగారం వెతికేవాళ్లు నమ్ముకున్నది దీన్నే. లోపం ఏమిటంటే ఇనుము ఏదో, బంగారం ఏదో సరిగా చెప్పదు. ప్రతిదీ తవ్వాలి.

హోస్ట్: కింద ఏ లోహం ఉందో చెప్తూ స్క్రీన్ మీద వచ్చే నంబరును ఎంత నమ్మాలి?

అతిథి: ఆ నంబరును టార్గెట్ ఐడీ అంటారు, అది ఒక అంచనా. అంతకు మించి కాదు. కూల్‌డ్రింక్ డబ్బా రింగుకూ, బంగారు ఉంగరానికీ ఒకే నంబరు రావచ్చు. వంగిన మేకు, వెడల్పాటి తుప్పు రేకు మంచి లోహంలా పలకవచ్చు. కొత్త మెషిన్లలో ఈ మోసం తగ్గింది, పోలేదు. వస్తువుకు అడ్డంగా ఒకసారి, తొంభై డిగ్రీలు తిరిగి ఒకసారి ఊపి చూడాలి. రెండు వైపులా అదే శబ్దం వస్తే తవ్వు. నంబరు చూసి తవ్వకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

హోస్ట్: "వంద మీటర్ల దూరం నుంచి బంగారం చూపిస్తుంది" అనే పరికరాలు?

అతిథి: దయచేసి కొనకండి. ఇందాక ఆరో ఘాతం లెక్క చెప్పాను కదా, దాన్ని గుర్తుపెట్టుకోండి చాలు. ఏడీఈ 651 అని బాంబులు పట్టే పరికరంగా ఇరాక్‌కు అమ్మారు. పిడికి ఒక యాంటెనా, లోపల పనిచేసేది ఏమీ లేదు. చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్ముకున్నారు. అమ్మినవాడికి 2013లో బ్రిటన్ కోర్టు 10 ఏళ్ల జైలు వేసింది. ఇది డబ్బు పోయే విషయం మాత్రమే కాదు తమ్ముడూ, ప్రాణాలు పోతాయి.

హోస్ట్: ప్రాణాలంటే గుర్తొచ్చింది, మందుపాతరల పని.

అతిథి: రెండో ప్రపంచ యుద్ధంలో యూజెఫ్ కొసాట్స్కి అనే పోలండ్ ఇంజినీరు చేసిన డిటెక్టర్‌ను 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధంలో వాడారు. దాంతో గంటకు శుభ్రం చేయగలిగే నేల సుమారు 100 చదరపు మీటర్ల నుంచి 200కు పెరిగిందని చెప్తారు. దాని బరువు దాదాపు 14 కిలోలు. ఆయన దానికి పేటెంట్ తీసుకోలేదు, బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. ఆ తర్వాత ప్లాస్టిక్ మందుపాతరలు వచ్చాయి. లోహం అంటే లోపల పిన్ను అంత ముక్క. డిటెక్టర్‌ను అంత సున్నితంగా చేస్తే ప్రతి తూటా తొడుగుకీ, ప్రతి ఇనుప పెంకుకీ అరుస్తుంది. ప్రతి అరుపుకీ ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని మట్టి మెల్లగా తీయాలి. అందుకే ఇప్పుడు భూమిలోకి రేడియో తరంగాలు పంపే రాడార్‌ను కూడా అదే పరికరంలో కలిపారు. లోహం ఉందని ఒకటి చెప్తే, ఆ చోట మందుపాతర సైజు వస్తువు ఉందా అని ఇంకొకటి చూస్తుంది. అనవసరంగా తవ్వే చోట్లు తగ్గుతాయి.

హోస్ట్: బరువు అన్నారు కదా, వాడేవాళ్ల ఒంటికి ఏమైనా సుఖం వచ్చిందా?

అతిథి: చాలా. ఈక్వినాక్స్ కిలోన్నర లోపే. డియస్ కిలో కూడా ఉండదు. డియస్‌లో కాయిల్ నుంచి డబ్బాకు తీగ లేదు, హెడ్‌ఫోన్‌కు తీగ లేదు. డియస్ 2 అయితే 20 మీటర్ల నీటి లోతు వరకు పనిచేస్తుంది. ఒక జాగ్రత్త చెప్తాను. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకోవద్దు. శబ్దం కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. నువ్వు విన్న చోటికీ వస్తువున్న చోటికీ జానెడు తేడా వచ్చేస్తుంది. కంపెనీలు అందుకే ఆలస్యం తక్కువుండే వేరే వైర్‌లెస్ పద్ధతి పెట్టుకున్నాయి.

హోస్ట్: చివరి ప్రశ్న ఒక శ్రోతది. "నా దగ్గర పదిహేనేళ్ల నాటి మెషిన్ ఉంది. మార్చాలా?"

అతిథి: 2009లో ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ నిధి దొరికింది. ఇంగ్లండ్‌ను పూర్వం ఏలిన ఆంగ్లో-సాక్సన్ల కాలపు బంగారం అంత పెద్ద మొత్తంలో ఇంకెక్కడా దొరకలేదు. దాన్ని కనుక్కున్నది అప్పటికే 14 ఏళ్లు పాతదైన డిటెక్టర్. శుభ్రమైన పొలాల్లో తిరిగేవాళ్లకు పాతది చాలు. మేకుల మధ్య, సముద్రపు తడి ఇసుకలో తిరిగేవాళ్లకు కొత్తది నిజంగా వేరే లోకం.

హోస్ట్: ఆ శ్రోత తన మెషిన్ ఏ స్థాయిలో ఉందో ఎలా తెలుసుకోవాలి?

అతిథి: ఒక చెక్క పలక తీసుకో. దాని మీద నాలుగు పాత ఇనుప మేకులు, మధ్యలో ఒక నాణెం. ఇనుము వద్దు అని సెట్ చేసి, కాయిల్‌ను జానెడు ఎత్తులో ఒకే వేగంతో ఊపు. తర్వాత పలకను కొద్దికొద్దిగా తిప్పుతూ మళ్లీ ఊపు. ఏ కోణంలో నాణెం పలుకుతుందో, ఏ కోణంలో మాయమవుతుందో రాసుకో. స్నేహితుడి కొత్త మెషిన్ దొరికితే అదే పలక మీద, అదే ఎత్తులో ఊపు. కొనాలో వద్దో ఆ పలకే చెప్తుంది.

హోస్ట్: పలక, మేకులు నా దగ్గర ఉన్నాయి అన్నా. మీ పాతదీ కొత్తదీ రెండూ బయట కారులోనే ఉన్నాయన్నారు కదా?

అతిథి: ఉన్నాయి, పద. ముందు పాతది విను.